మోటారు నడిపింది ఎవరు?

రెండు ముక్కల మాట ఒకటి పదహారో ఏట నా నోటి నుంచి వచ్చింది. అప్పటి నుంచి దాన్ని మోస్తున్నాను. దాన్ని కడుపులో పెట్టుకునే కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను, మనవల పెళ్లిళ్లు చూశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను లెక్కల మనిషిని. ఏ ఆవు ఎప్పుడు ఈనింది, ఎవరి పెళ్లి ఏ వారం జరిగింది, ఏ ఏడు మృగశిర చినుకు లేకుండా పోయింది, ఇవన్నీ మా ఇంట్లో నన్నే అడుగుతారు. తప్పు చెప్పనని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నేను మాట మార్చేస్తాను. ఎందుకంటే ఆ రోజు కూడా నేను అబద్ధం చెప్పలేదు. చెప్పినది చెప్పినట్టు నిజం. మరి ఇన్నేళ్లూ ఎందుకు నిద్ర పట్టలేదు?

మా ఊరు నకిరేకల్‌కు ఎడ్లబండి మీద సగం పూట దూరం. ఊరి దొరకు నల్ల మోటారు ఉండేది. కారు అనే మాట మాకు చాలా తర్వాత వచ్చింది. అది వాగు ఇసుకలో దిగబడితే మగవాళ్లు నాగళ్లు విడిచి వచ్చి నెట్టాలి. కూలి ఉండదు, వెట్టి. దాని డ్రైవరు లతీఫ్ మామ. మా ఇంటి వెనక ఇల్లే ఆయనది. ఆయన భార్య జైనబ్ అత్త నాకు ఉర్దూ నేర్పింది. ఊళ్లో బడి లేదు. అత్త వాకిట్లో పొయ్యిబూడిద పరిచి, వేలితో అక్షరాలు దిద్దించేది. తప్పు రాస్తే చెరిపేసి మళ్లీ రాయమనేది. ఖచ్చితంగా ఉండడం నేను ఆ బూడిదలోనే నేర్చుకున్నాను.

వెట్టికి ఎదురు తిరిగిన రైతుల సంఘం బలపడ్డాక దొర పట్నం పారిపోయాడు. మోటారు చప్పుడు ఊరంతా వింటుందని భయపడి ఎడ్లబండిలో పోయాడు. మోటారు, మామ ఇక్కడే మిగిలారు.

నలభై ఎనిమిది ఎండాకాలంలో నిజాం తరఫు రజాకార్లు వచ్చారు. మా ఇంట్లో వండించుకున్నారు. తుపాకులు గోడకు ఆనించి తిన్నారు. ఊళ్లో పటేలని పిలిచే మా నాన్న, బాపు, నిలబడి వడ్డించాడు. తుపాకుల వైపే చూస్తూ పప్పు విస్తరి బయట పోశాడు. తిన్నాక వాళ్లు లతీఫ్ మామను మా ఇంటి ముందుకు పిలిపించి, తుపాకీ పెట్టి మోటారు తీయమన్నారు. వాగు అవతలి పల్లెలో సంఘం వాళ్లు దాక్కున్నారని వాళ్లకు కబురు అందింది. మా అక్కను ఇచ్చింది ఆ పల్లెకే. అప్పుడు అక్క నిండు చూలాలు.

వాగు నడుమ ఎండాకాలం కూడా పారే పాయలో మోటారు ఆగిపోయింది. మామ దాని మూత ఎత్తి చూసి, ఇంజనులోకి నీళ్లు పోయాయన్నాడు. తిట్టారు, కొట్టారు, కొంతసేపు నెట్టారు. చివరికి నడిచి పోయారు. మోటారు చప్పుడు వాగు దాకా వచ్చి ఆగడం అవతలి పల్లె వాళ్లకు వినబడింది. అది చాలింది. రజాకార్లు చేరేసరికి పల్లెలో మనిషి లేడు, అందరూ గుట్టల్లోకి ఎక్కారు. ఇళ్లు కాలాయి, మనుషులు దక్కారు. అక్క ఆ బండల మధ్యే ఆడపిల్లను కన్నది.

మర్నాడు ఎడ్లు కట్టి మోటారును ఊళ్లోకి ఈడ్చుకొచ్చారు. మామ మా అరుగు మీద కూర్చున్నాడు. పెదవి చిట్లి ఉంది. చేతులు కడుక్కోవడానికి నేను నీళ్లు పోస్తున్నాను.

"ఇంజన్‌ల కరెంటు పంచే ముక్క ఒకటుంటది పటేలా, బొటనేలంత," అన్నాడు బాపుతో. "దాన్ని తీసి ఇసుకల ఇసిరేసిన. ఇగ అది లేసేది లేదు."

"దొర అడిగితె ఏమంటవు లతీఫూ?"

"ముందుగాల దొరను రానీయి గద."

చిట్లిన పెదవితోనే నవ్వాడు. ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే. దీన్ని గుర్తు పెట్టుకోండి.

మోటారును దొర కొట్టంలోకి నెట్టారు. మా కోళ్లు దాని వెనక సీటులో గుడ్లు పెట్టేవి, నేను పోయి ఏరుకొచ్చేదాన్ని.

ఆ వానాకాలం పోలీసు చర్య జరిగింది, నిజాం రాజ్యం పోయింది. పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, నాలుగు రోజుల ముందు మిలిట్రీ మా ఊరికి వచ్చింది. మగవాళ్లందరినీ మా ఇంటి ముందు వరసగా నిలబెట్టారు. బాపు ఆ వరసలో మొదట ఉన్నాడు. వచ్చిన అధికారి మాట ఎవరికీ అర్థం కావడం లేదు. వెనక నుంచి ఎవరో "పటేలు బిడ్డకు ఉర్దూ వస్తది" అన్నారు. నన్ను ముందుకు తోశారు. తోశారని ఇన్నాళ్లు అనుకున్నాను. నిజానికి సగం నేనే నడిచాను. నాకు వచ్చని చూపించుకోవాలని ఉండింది.

"రజాకారోఁ కీ మోటర్ కౌన్ చలాతా థా?" అని అడిగాడు. రజాకార్ల మోటారు ఎవరు నడిపేవారని.

"లతీఫ్ సాబ్ చలాతే థే," అన్నాను.

ఆ తేడా చూడండి. చలాయా అంటే ఒకసారి నడిపాడని. చలాతే థే అంటే నడుపుతూ ఉండేవారని, అదే ఆయన పని అని. అత్త బూడిదలో నాకు మొట్టమొదట నేర్పిన తేడాల్లో అదొకటి. గౌరవం తగ్గకూడదని 'థే' కూడా సరిగ్గా పలికాను. ఆయన నడిపింది ఒక్కసారే, అదీ వాగు నడుమ దాకా. ఏళ్ల తరబడి ఇది వ్యాకరణం తప్పు అని నాకు నేను చెప్పుకున్నాను. అడిగిన కాలంలోనే జవాబు వచ్చేసిందని. చిన్నపిల్లనని. కానీ అక్కడితో అయిపోలేదు. అధికారి నా వైపు వంగి మెల్లగా, దయగానే, ఇంకొకటి అడిగాడు.

"ఔర్ కుచ్?"

ఇంకేమైనా ఉందా. ఉంది. వాగు ఉంది, ఇసుక ఉంది, అందులో పడేసిన ముక్క ఉంది, చిట్లిన పెదవి ఉంది, బండల మధ్య పుట్టిన పసిపిల్ల ఉంది.

"కుచ్ నై," అన్నాను. ఏమీ లేదని.

వరసలోకి రాకుండా ఇంట్లో దాక్కున్న మామను పట్టి తెచ్చారు. ముఖానికి గుడ్డ కట్టి నా పక్క నుంచే నడిపించారు. జైనబ్ అత్త వెనక ఇంటి గుమ్మంలోనే ఉండిపోయింది. ఆమె దగ్గరికి నేను పోలేదు.

ఎందుకు చెప్పలేదు? ఒకప్పుడు ఒక సాకు కట్టుకున్నాను. అక్క పల్లెలో సంఘం వాళ్లు దాగిన సంగతి బయటపడుతుందని భయపడ్డానని. వినడానికి బాగుంటుంది. కానీ నేను తేదీలు మరిచిపోయే మనిషిని కాను. ఆ వారం మిలిట్రీ వెతుకుతున్నది రజాకార్లను. సంఘం వాళ్ల మీద పడడం మా దగ్గర ఆ తర్వాతే మొదలైంది. ఆ భయం నాకు అప్పటికి తెలియదు. సాకు తేదీకి అతకదు. కొట్టేశాను.

మిగిలిన కారణం ఇది. మోటారు నడపమని తుపాకీ పెట్టారని నేను అంటే, నువ్వెక్కడ చూశావని అడుగుతారు. మా ఇంటి ముందే అని చెప్పాలి. వాళ్లు మీ ఇంట్లో ఏం చేస్తున్నారని అడుగుతారు. బాపు వరసలో మొదట నిలబడి ఉన్నాడు. బాపు తుపాకీ ముందు అన్నం పెట్టాడు, మామ తుపాకీ ముందు మోటారు నడిపాడు. రెండూ ఒకటే. ఒకదాన్ని దాచడానికి ఇంకొకదాన్ని సగం చెప్పాను. అది కూడా బాపు చెప్పమంటే కాదు. బాపుకు ఉర్దూ రాదు, నేనేమన్నానో ఆయనకు తెలియనే తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు, నా నోట లతీఫ్ పేరు విన్నవాళ్లూ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

మరుసటి ఏడు వానలకు ముందు మామ జైలు నుంచి తిరిగి వచ్చాడు. కుడి మణికట్టు వంకరగా అతుక్కుని ఉంది. అక్కడ ఏం జరిగిందో ఆయన చెప్పలేదు. ఆయన లేని రోజుల్లో జైనబ్ అత్త బొంతలు కుట్టి బతికింది. నేను రోజూ చెంబు నిండా పాలు తీసుకుపోయేదాన్ని. అత్త నా తల మీద చెయ్యి పెట్టి దీవించేది. ఆ చెయ్యి బరువు ఎంతో మీకు చెప్పలేను.

దొర ఇక ఊరికి రాలేదు. మోటారును పాత ఇనుము కింద బాపుకు వదిలేశాడు. మామ వచ్చి, "నాకియ్యి పటేలా, రోడ్డు మీదికి తెస్త," అన్నాడు. బాపు సరేనన్నాడు. నేను కూడా పనిలోకి దిగాను. పొగ గొట్టంలో కందిరీగల గూడు, సీటులో ఎలుకల సంసారం. జైనబ్ అత్త పాత గోనెలు, బొంతలు కలిపి కొత్త సీటు కుట్టింది. నీళ్ల డబ్బా కారుతుంటే మామ గుప్పెడు పసుపు తెమ్మన్నాడు. అందులో పోస్తే చిల్లి పూడింది. "పెండ్లికూతురయ్యింది," అన్నాడు. ట్యూబు దొరకని చక్రంలో గడ్డి కుక్కాడు. ఇసుకలో పారేసిన ముక్కకు బదులు ఇంకోటి పట్నం పాత సామాను బజారులో వెతికి తెచ్చాడు.

ఇంజను తిప్పే రోజు వచ్చింది. ముందు నుంచి కడ్డీ పెట్టి గట్టిగా తిప్పాలి. కుడి చెయ్యి పనికిరాదు కాబట్టి ఎడమ చేత్తో తిప్పుతున్నాడు. నన్ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టాడు.

"తొక్కు అంటె తొక్కు. అనకముందే తొక్కకు బిడ్డా. నీకు అన్నీ ముందుగాలనే కావాలె."

తిప్పాడు. దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఆగింది. ఆయన కడ్డీ మీద వాలి రొప్పుతున్నాడు. ఆ వంకర మణికట్టు నా కళ్లకు ఎదురుగా ఉంది. ఉండబట్టలేక అడిగాను.

"మామా, నిన్ను పట్టిచ్చిందెవరో నీకెరుకేనా?"

"ఎవలైతేంది? అబద్ధమైతె చెప్పలే గద. తోలింది నేనే."

"ఒక్కసారే గద తోలినవు."

"గా ముచ్చట ఎవలు చెప్పాలె ఆడ? నేను చెప్తె నమ్మలే. మనూళ్లె ఇంకెవలకు ఉర్దూ వస్తది?" నుదుటి చెమట భుజంతో తుడుచుకున్నాడు. "నువ్వు ఆడ ఉంటె చెప్తుంటివి బిడ్డా. నువ్వు గా దినం ఇంట్ల పండుకున్నవో ఏమో."

నోరు తెరిచాను. ఉన్నాను మామా, అనబోయాను. 'ఉ' దాకా వచ్చింది. ఇంకో క్షణం ఉంటే చెప్పేసేదాన్నని నాకిప్పటికీ నమ్మకం.

"తొక్కు," అన్నాడు.

తొక్కాను. ఇంజను అందుకుంది. కొట్టమంతా నల్లటి పొగ. కోళ్లు దూలాల మీదికి ఎగిరాయి. బాపు, అత్త, ఊరి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. మామ ఏడుస్తూ నవ్వుతూ రేకు మీద చరుస్తున్నాడు. ఆ చప్పుడులో నా మాట ఎవరికి వినబడుతుంది? కానీ ఇంజను ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది కదా. ఆ సాయంత్రం ఆగింది. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆగింది. ప్రతిసారీ నేను ఊరుకున్నాను.

ఆ మోటారు నకిరేకల్‌కు, నల్లగొండకు కిరాయికి తిరిగింది. మా రెండిళ్లూ దాని మీదే తేరుకున్నాయి. నా మొదటి కాన్పు అడ్డం తిరిగినప్పుడు, వాగు మోకాలు దాటి పారుతోంది. మంత్రసాని చేతులెత్తేసింది. మామ మోటారు తెచ్చాడు. అక్క కోసం దాన్ని ఆపిన చోటే, నా కోసం ఆగనివ్వలేదు. నీళ్ల నడుమ అది కొట్టుకుంటుంటే ముందు నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. "లెక్కల బిడ్డవు గద, ఒడ్డు ఎంత దూరముందో చెప్పు. నాకు కండ్లు కనవడ్తలేవు." నేను నొప్పుల మధ్య చెప్పాను. ఆయన కళ్లకు అంతా కనబడుతోంది. నా ధ్యాస మళ్లించడానికి అన్నాడని దవాఖానలో తెల్లవారాక అర్థమైంది. కొడుకు పుట్టాడు. అందరూ వాడిని మోటారోడు అనే పిలిచేవారు. నేను బతికి ఉన్నాను, వాడు బతికి ఉన్నాడు. నా ప్రతి రోజూ ఆ వంకర చేతి నుంచి వచ్చిందే. ఇంత కృతజ్ఞత ఉన్న చోట ఆ రెండు ముక్కలు కూడా ఉన్నాయి. రెండూ నాలోనే పక్కపక్కన ముసలివయ్యాయి.

మామ పోయాడు, తర్వాత అత్త పోయింది. మోటారు మా కొట్టంలో మళ్లీ దుమ్ము పట్టింది. ఈ ఏడు నా కొడుకు, తనకే నెత్తి నెరిసిన నా కొడుకు, దాన్ని బాగు చేయించి రోడ్డు మీదికి తెచ్చాడు. ఊరంతా చేరింది. లతీఫ్ మామ మనవరాలు నల్లగొండ నుంచి వచ్చి, మా తాత సంగతి చెప్పు అవ్వా అంది. వాగు సంగతి చెప్పాను. ఇసుకలో పడేసిన ముక్క గురించి చెప్పాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "ఇంకేమన్న ఉందా అవ్వా?" అని అడిగింది.

"అంతే బిడ్డా," అన్నాను.

ఇంటికి వచ్చాక తెలిసింది, నేను మళ్లీ అదే జవాబు చెప్పానని. ఈసారి తుపాకీ లేదు, వరసలో బాపు లేడు. పదహారేళ్ల పిల్లను కూడా కాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ పిల్లకు కూడా ఒక ప్రతి పంపుతాను. చదివి ఏమనుకుంటుందో ఆమె ఇష్టం. క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి లేడు, ఆయన బదులు ఎవరూ ఆ పని చేయలేరు. నాకు కావలసింది ఒక్కటే, అడిగినదానికి జవాబు పూర్తి చేయడం.

ఔర్ కుచ్?

హై సాబ్, ఉంది. ఏక్ హీ దఫా చలాయా, ఒక్కసారే నడిపాడు. తుపాకీ పెడితే నడిపాడు. వాగులో ఆయనే ఆపాడు. వాళ్లు మా ఇంట్లో తిని బయలుదేరారు. నేను అక్కడే ఉన్నాను మామా.