మర్యాదగా కాదన్న పెళ్ళికొడుకు

పెళ్ళి సంబంధాలు చెడగొట్టడానికి ప్రతి ఊళ్ళోనూ కొందరు గిట్టనివాళ్ళుంటారు. నాకు ఆ అవసరం కూడా లేకపోయింది. నా సంబంధాన్ని నేనే, నా సొంత నోటితో, శుభ్రమైన ఇంగ్లీషులో, నవ్వుతూ చెడగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, కానీ కాస్త జాలి కూడా పడండి.

అప్పుడు నేనూ రాజేందరూ ఢిల్లీ మునిర్కాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాది తణుకు, వాడిది కరీంనగర్. ఎండ అన్నది ఆ గదిలోకి అడుగుపెట్టేది కాదు. చలికాలం ఆదివారాల్లో డాబా ఎక్కి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఎండ కాగేవాళ్ళం. ఇప్పుడు గురుగ్రామ్‌లో పద్దెనిమిదో అంతస్తులో ఉంటున్నాను, కావలసినంత ఎండ. అయినా ఆ డాబా గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

మా ఆఫీసువాళ్ళు విదేశీ క్లయింట్లతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఒక మేడమ్‌ను పిలిపించారు. ఆవిడ సూత్రం ఒక్కటే. "ఊరికే 'విల్' అంటే మొరటుగా ఉంటుంది. 'వుడ్' అనండి, పక్కన ఒక 'ప్రాబబ్లీ' వేయండి. 'క్యాన్' వద్దు, 'కుడ్' అనండి, దానికి 'పర్హాప్స్' తోడుంటే ఇంకా అందం." తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, నాకది గురూపదేశంలా తోచింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా ఇంగ్లీషు మర్యాద నేర్చినవాడు మనిషినే ఎరగడు.

"చాయ్ తాగుతవారా?" అనేవాడు రాజేందర్ స్టవ్ ముందు నిలబడి.

"ఐ కుడ్ పర్హాప్స్ హావ్ సమ్."

"తాగుతవా, తాగవా? పాలు పొంగుతున్నయ్!"

"ఐ వుడ్ ప్రాబబ్లీ..."

ఆ రోజు నాకు చాయ్ దక్కలేదు. అప్పుడే బుద్ధి రావలసింది, రాలేదు.

అలాంటి రోజుల్లో మాధవి సంబంధం వచ్చింది. వాళ్ళది వసంత్ కుంజ్. తండ్రి విశ్వనాథం గారు కేంద్ర ప్రభుత్వంలో అధికారి. మాధవి పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. పెళ్ళిచూపులనాడు నేను మంకీ క్యాప్ తీయడం మరిచిపోయి అలాగే లోపలికి వెళ్ళి కూర్చున్నాను. పెసరట్టు పెట్టారు, గాజర్ హల్వా పెట్టారు. పెద్దవాళ్ళు మమ్మల్ని బాల్కనీలోకి పంపగానే ఆ అమ్మాయి నా తలకేసి చూసి, "ఠండ్ జ్యాదా లగ్తీ హై క్యా?" అని, అంత చలేస్తోందా అన్నట్టు పకపకా నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి అనుకున్నాను. దాపరికం ఎందుకు, ఆ పూట తిన్న హల్వా రుచి కూడా నాకు తెలియలేదు.

బయల్దేరుతుంటే విశ్వనాథం గారు గుమ్మం దాకా వచ్చారు.

"ఏమంటావు బాబూ? నీ మాట తెలిస్తే మీ నాన్నగారితో మాట్లాడతాను."

'నచ్చిందండీ' అంటే సరిపోయేది. కానీ అంత పెద్ద అధికారి ముందు అలా ఎగబడితే ఏం బావుంటుంది? గొంతు సవరించుకున్నాను.

"సర్, ఐ వుడ్ ప్రాబబ్లీ బీ వెరీ హ్యాపీ. వీ కుడ్ పర్హాప్స్ టేక్ ఇట్ ఫార్వర్డ్."

ఆయన నాకేసి చూశారు. "అచ్ఛా," అన్నారు. నా భుజం తట్టి, "ఠీక్ హై," అన్నారు. నేను మెట్లు దిగుతూ, మేడమ్ వింటే మెచ్చుకునేదని పొంగిపోయాను.

రోజులు గడుస్తున్నాయి, కబురు లేదు. చివరికి తణుకు నుంచి నాన్న ఫోన్ చేశారు.

"ఏరా, ఆ పిల్ల నీకెందుకు నచ్చలేదు?"

"నచ్చలేదని ఎవరన్నారు?"

"నువ్వేనంట! 'మీవాడు ఎంతో సంస్కారంగా కాదన్నాడండీ, పెంపకం అంటే మీదే' అని ఆయన తెగ పొగిడేశాడు. ఈ ఆదివారం ఆ పిల్లని చూసుకోడానికి ఇంకో సంబంధం వాళ్ళు వస్తున్నారంట."

ఆదివారం అంటే మర్నాడే. రాజేందర్‌కి సంగతి చెబితే నెత్తి కొట్టుకుని, "నడువ్ పోదాం" అని ఆటో పిలిచాడు.

తలుపు తీసింది విశ్వనాథం గారే. "నువ్వా! రా బాబూ, మొహమాటపడకు. మాకేం బాధ లేదు."

"అయ్యో, నేను కాదనలేదండీ!"

"ఆ భాష నాకు తెలియదా? సర్వీసంతా అలాంటి వాక్యాలే రాశాను. 'బహుశా పరిశీలించవచ్చు' అని రాసి పంపిన ఫైలు ఒక్కటైనా మళ్ళీ నా బల్ల మీదికి రాలేదు. నువ్వు చెప్పిన తీరుకి, మా సెక్షన్‌లో ఉంటే ప్రమోషన్ ఇప్పించేవాణ్ణనుకున్నాను."

కంగారులో మళ్ళీ పాత రోగమే తిరగబెట్టింది. "సర్, ఐ వుడ్ సర్టెన్లీ..."

రాజేందర్ వెనకనుంచి వీపు మీద గిల్లాడు. "తెలుగుల చెప్పురా!"

"మీ అమ్మాయి నాకు నచ్చిందండీ! చేసుకుంటాను! ఇంకెవరినీ చేసుకోను!" అని అరిచాను. నిజంగా అరిచాను. ఎదురింటి పంజాబీ ఆంటీ తలుపు తీసి "క్యా హువా జీ?" అంది.

మాధవి లోపల్నుంచి వచ్చి నిలబడింది. ఆయన అటు తిరిగారు. "మరి నువ్వేమంటావమ్మా? ఆ రోజు అడిగితే 'ఐ మైట్ యాక్చువల్లీ లైక్ హిమ్' అన్నావు. పోనీలే, ఇద్దరిదీ ఒకే మాట అనుకున్నాను."

"పాపా! వో తో హాఁ థా! అది అవుననడమే!" అంది మాధవి, కళ్ళలో నీళ్ళతో.

వంటింట్లోంచి మాధవి తల్లి గొంతు వినిపించింది. "ఇంట్లో ఆఫీసు చెయ్యద్దని మొత్తుకుంటూనే ఉన్నాను!"

విశ్వనాథం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే చూశారు. "హమ్మయ్య, ఆదివారం వాళ్ళకి రావద్దని ఫోన్ చేస్తాను," అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మరొక్క రోజు ఆ మెత్తని మాటలే పట్టుకు వేలాడి ఉంటే, ఒకరికొకరం నచ్చీ ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా, తూర్పు తిరిగి దండం పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా ఆడపిల్ల తండ్రి నన్ను 'మా అమ్మాయి నచ్చిందా' అని అడిగితే, ఈ జన్మలో మళ్ళీ అలాంటి జవాబు ఇవ్వను.

ఇంతవరకూ రాసి మాధవికి చదివి వినిపించాను. తను బట్టలు మడతపెడుతూనే, "మళ్ళీ నిన్నెవరు అడుగుతారని?" అంది.

"ఎవరూ అడగరు," అన్నాను వెంటనే.