హన్నాకు నేను చెప్పిన డబ్బింగ్

హన్నాకు పాలపన్ను ఊడిన రోజు మధ్యాహ్నం దాకా రక్తం ఆగలేదు. "ఒక్క పన్నుకే ఇంత సీను చేస్తే, మిగతావి ఊడినప్పుడు ఏం చేస్తావే?" అన్నాను. నేను దాని మావయ్యను. మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పని నాది, ఉండేది అక్కడే బౌషర్ ఏరియాలో, అక్కాబావల ఫ్లాట్‌లో. అక్క స్టాఫ్ నర్సు. హన్నా కాళ్ల మీద నీలి మచ్చలు అప్పటికే వారం రోజులుగా ఉన్నాయి. వార్డులో ఏ బిడ్డకు అలాంటివి చూసినా అక్క వెంటనే డాక్టర్‌ను పిలిచేది. సొంత బిడ్డ కాబట్టి కొబ్బరినూనె రాసింది.

హాస్పిటల్‌కి తీసుకెళ్తే సీబీసీ అని రక్తపరీక్ష చేశారు, తర్వాత బోన్ మ్యారో టెస్ట్. లుకేమియా అన్నారు, అంటే బ్లడ్ క్యాన్సర్.

"పిల్లల్లో చాలామందికి తగ్గుతుంది సిస్టర్. ట్రీట్‌మెంటే లాంగ్," అన్నారు డాక్టర్. అక్క తలూపింది. ఎంతమంది తల్లులకో తనే చెప్పిన మాట అది.

కీమో మొదలయ్యాక బడి ఆగిపోయింది. మా ఫ్లాట్‌లోనే ఇంకో గదిలో టెస్ అని ఫిలిప్పీన్స్ నర్సు ఉంటుంది. సాయంత్రాలు హన్నా సోఫాలో టెస్ పక్కన పడుకుని వాళ్ల భాష సీరియల్ చూసేది. అందులోనూ ఒక పాపకు పెద్ద జబ్బే. టెస్ ఏడుపులో తీరిక లేకుండా ఉండేది కాబట్టి అర్థం చెప్పే డ్యూటీ నాకు పడింది. ఆ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. అదేమంత అడ్డు కాలేదు.

"మావయ్యా, దానికి జుట్టు ఊడలేదేంటి?"

"గుండుకి బడ్జెట్ లేదంట."

"డాక్టర్ ఏమంటున్నాడు?"

"రిపోర్టులు బాగున్నాయి, ఇంటికెళ్లిపోండి అంటున్నాడు."

"మరి వాళ్లమ్మ ఏడుస్తుందేంటి?"

"ఇంటికెళ్తే వంట చెయ్యాలి కదే!"

హన్నా నవ్వితే దగ్గొచ్చేది. దగ్గుతూనే నవ్వేది.

జబ్బు అణిగింది, రెమిషన్ అన్నారు. కనుబొమలు మొలిచాయి. దేవుడు బాగుచేశాడని చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. అక్క చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. ఆ వారమే జ్వరం. రిలాప్స్, జబ్బు తిరగబెట్టింది. ఈసారి కీమో పనిచేయలేదు, పైగా ఇన్ఫెక్షన్. మళ్లీ అడ్మిట్ చేశాం.

ఒక మధ్యాహ్నం డాక్టర్ అక్కనీ బావనీ గది బయటికి పిలిచారు. "ఇక నొప్పి లేకుండా చూసుకోవడమే," అన్నారు. పక్కనే ఉన్న నేనూ విన్నాను. విని హన్నా దగ్గరికి వచ్చాను. తలుపు అద్దంలోంచి వాళ్లు కనిపిస్తున్నారు.

"మావయ్యా, డాక్టర్ ఏమన్నాడు?"

"కౌంట్ బాగుందంట. ఇంటికెళ్లిపోవచ్చంట."

హన్నా అద్దంలోంచి వాళ్లమ్మ మొహం చూసింది.

"వంట చెయ్యాలనా?" అంది.

కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"కాదే. మందు పనిచెయ్యట్లేదంట."

"చచ్చిపోతానా?"

"అలాగే అంటున్నారు."

హన్నా దుప్పటి పక్కకు తోసింది. "అయితే ఇక్కడెందుకు? ఇంటికెళ్దాం. ఈ సూది తీసెయ్యమను. అమ్మని డ్యూటీకి వెళ్లొద్దను."

డాక్టర్‌ను అడిగితే ఒప్పుకున్నారు. నొప్పికి మందులిచ్చి పంపారు. పదకొండు రోజులు వాళ్లమ్మ మంచం మీద, వాళ్లమ్మ చెయ్యి మీదే పడుకుంది. అలాగే పోయింది.

అక్క మళ్లీ డ్యూటీకి వెళ్తోంది. ఇస్త్రీ చీర బీరువాలోనే ఉంది. సీరియల్ ఈమధ్యే అయిపోయింది. చివర్లో పాప లేచి నడిచింది, జుట్టుతో సహా. టెస్, నేను సోఫాకు చెరో చివర కూర్చుని చూశాం. ఏమంటున్నారో చెప్పమని నన్నెవరూ అడగలేదు.

ఇలాంటి గదిలో కూర్చున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డాక్టర్ బయట చెప్పింది, పిల్లలు అడిగితే, అడిగినంత వరకు చిన్న మాటల్లో చెప్పండి. మన మొహాలు వాళ్లకు ఎలాగూ కనిపిస్తుంటాయి. నేను ఆ రోజు కూడా డబ్బింగే చెప్పుకుంటూ పోయుంటే, ఆ పదకొండు రోజులూ సూదితో, హాస్పిటల్ మంచం మీదే అయిపోయేవి.