పన్నెండంగుళాల ఆకాశం

తప్పు నాదే. మా టైలర్ మావయ్య లెక్క తప్పని వీధి వీధంతా వినేలా నిరూపించాను. ఆయన షాపులోనే ఓ మూల ఫోన్లు బాగుచేసుకునేవాణ్ణి, ఫోన్లు బాగుచేసుకుంటూ కూర్చోవాల్సింది.

మావయ్యకి ఒకటే పిచ్చి. ఎక్కడెక్కడివో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు చెవిన పడితే చాలు, కత్తెర పక్కన పడేస్తాడు. మెడలో టేపు తీసి గ్లోబు మీద చుడతాడు. అంగుళానికి వెయ్యి కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. ఆ తర్వాత ప్రయాణం ఎన్ని గంటలో చెబుతాడు. తను మాత్రం మేడ మెట్లకన్నా ఎత్తు ఎక్కి ఎరగడు.

ఓసారి ఒకాయన కొలతలిస్తూ, వాళ్ళ బావమరిది ఎక్కడున్నాడో నోరుజారాడు. నడుము రాయాల్సిన చోట మావయ్య ‘తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు’ అని రాసుకున్నాడు. ఆ ప్యాంటు ఇంకా కుడుతూనే ఉన్నాడు.

కొలిచాక కళ్ళు మూసుకుంటాడు. మిషను చక్రం ఆగుతుంది. కిటికీ ఎండలో దూది నలకలు తేలుతుంటాయి.

“ఇప్పుడు కింద సముద్రంరా. అల కనపడదు. ఇస్త్రీ చేసిన నీలం గుడ్డే.”

“మావయ్యా, ఆ చొక్కాకి కాజాలు?”

“భోజనాలు పెట్టేశారు. దీపాలు తగ్గించారు. మెల్లిగా మాట్లాడు.”

ఆ క్షణాన షాపు కూడా నేలకి జానెడు పైన ఉన్నట్టే ఉంటుంది.

ఎదురుగా గుండీల కొట్టు అక్క. ఆవిడ చెల్లెలు, ఒంటరిగా బస్సైనా ఎక్కని పిల్ల, ఉద్యోగానికని సాయంత్రం ఆరింటికి విమానం ఎక్కింది. మావయ్య టేపు చుట్టాడు. పన్నెండంగుళాలు.

“పద్దెనిమిది గంటలమ్మా. రేపు మధ్యాహ్నం దాకా హాయిగా ఉండు.”

నేను ఫోన్‌లో చూసి అందరి ముందూ నవ్వాను. “పద్నాలుగే అక్కా. పొద్దున ఎనిమిదికల్లా దిగిపోతుంది.”

ఎనిమిదయింది. ఫోన్ రాలేదు. తొమ్మిదికి అక్క చేతిలోంచి గుండీల డబ్బా జారింది. పదింటికి, “తమ్ముడూ, దిగిపోతుందన్నావుగా?” అంది. విమానం దిగినట్టు ఫోన్‌లో కనపడుతోంది. పిల్ల ఎక్కడుందో అందులో లేదు.

మావయ్య గ్లోబు చంకన పెట్టుకుని రోడ్డు దాటాడు. అక్క పక్కన స్టూలు వేసుకున్నాడు.

“వీడి మాటకేం గానీ, ఎదురుగాలి ఉందమ్మా. ఇదిగో, ఇక్కడుంది మన పిల్ల. కింద మంచుకొండలు. కిటికీ పక్క సీటేగా?”

“అవును మాస్టారూ.”

“అయితే నిద్రపోదు. చూస్తూ ఉంటుంది.”

ఇద్దరూ వేలు వెంబడి మంచు దాటారు, మబ్బులు దాటారు. పన్నెండుకి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. తనిఖీ లైను కదలలేదట, పెట్టె ఆలస్యమైందట, సిమ్ము ఇప్పుడే దొరికిందట. అక్క ఏడుస్తూ చెల్లెల్ని తిట్టింది, తిడుతూ నవ్వింది.

షాపుకొచ్చి టేపు నేనే చుట్టి చూశాను.

“మావయ్యా, నీ కొలత ప్రకారం కూడా పద్నాలుగే వస్తోంది.”

“వస్తుంది.”

“తెలిసే నాలుగు కలిపావా? నేను సరిగ్గానే చెప్పానన్నమాట.”

సూదిలో దారం ఎక్కిస్తూ తలైనా ఎత్తలేదు.

“కొలతకి సరిగ్గా కత్తిరించేదాన్ని టైలరనరురా. కత్తెరంటారు.”