ఆవకాయ ముద్దకు చాచని చెయ్యి

నా చిన్నప్పుడు, అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మేముండే అపార్ట్‌మెంట్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం నేనొక పెద్దాయన చేతిలో కాగితం ప్లేటు పెట్టాను. చుట్టూ ఉన్న అందరికీ స్టీలు కంచాలే. ఆ తప్పు పెద్దవాళ్లు చేయించారని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజమే, చేయించింది వాళ్లే. కానీ ఆ తర్వాత కాసేపటికి చేసిన తప్పు మాత్రం పూర్తిగా నాదే.

ఆయన మా కింది ఫ్లాట్‌లో ఉండే అంకుల్. నెలకోసారి నాలుగైదు తెలుగు కుటుంబాలు తలా ఒక వంట చేసుకుని ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్లం. ఎవరు ఏం తెచ్చినా, ఆవకాయ అన్నం కలిపే హక్కు కింది అంకుల్‌దే. పెద్ద బేసిన్‌లో వేడన్నం పోసి, ఆవకాయా నెయ్యీ వేసి కలిపి, వరసగా చాచిన చేతుల్లో ముద్దలు పెట్టేవారు. పెద్దా చిన్నా తేడా లేదు. "చెయ్యి చాచనివాడికి ముద్ద లేదోయ్" అని పిల్లల్ని ఆటపట్టించేవారు.

ఆ ఆదివారానికి కొన్ని వారాల ముందు ఆయన ఆఫీసులో రక్తదానం చేశారు. ఆ రక్తంలో లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ బి వైరస్ ఉందని కబురొచ్చింది. ఆయన దాచుకోలేదు. మా నాన్నను పిలిచి, మీరు కూడా టెస్ట్ చేయించుకోండి, పిల్లలకి టీకా ఉందట, వేయించండి అని చెప్పారు. మా మంచి కోరి చెప్పిన మాట అది. వారం తిరక్కుండా ఆయన జబ్బు సంగతి అందరిళ్లకీ చేరింది. టీకా సంగతి ఒక్కరింటికీ చేరలేదు. "లివర్ ఊరికే చెడుతుందా? చాటుగా తాగుతాడేమో" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటన్న పెద్దమనుషులే ఆ ఆదివారం మా బెడ్‌రూమ్ తలుపు దగ్గరగా వేసుకుని విస్కీ తాగుతూ కూర్చున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఆయన వచ్చేలోపే మా అమ్మ వంటింట్లో ఆవకాయ అన్నం కలిపేసింది. కాగితం ప్లేటు నా చేతికిచ్చి, ఎవరూ గమనించకుండా ఆయనకు ఇమ్మంది. పదేళ్లవాణ్ని. నాకో పెద్ద పని అప్పగించారన్న గొప్పలో హాలు మధ్యకు వెళ్లి, "అంకుల్, మీకు పేపర్ ప్లేట్. స్టీల్ ప్లేట్ నో అని మమ్మీ చెప్పింది" అన్నాను. హాల్లో అందరూ మావైపు తిరిగారు. ఆయన ప్లేటు అందుకుని, "థాంక్స్‌రా" అన్నారు.

అప్పుడే హాస్పిటల్ డ్యూటీ ముగించుకుని డాక్టరాంటీ వచ్చింది. మా కుటుంబాల్లో ఆవిడొక్కతే డాక్టరు. ఆయన చేతిలోని ప్లేటు చూసింది, మా కంచాలు చూసింది. వంటింట్లోకి వెళ్లి, ఖాళీ బేసిన్, మిగిలిన అన్నం, ఆవకాయ సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, ఆకలి దంచేస్తోంది. కలపండి."

"వద్దమ్మా. వాళ్లకి ఇబ్బంది."

"వాళ్ల సంగతి వాళ్లది. నా ముద్ద నాకు పెట్టండి."

ఆయన చేతులు కడుక్కొచ్చి కలిపారు. ఆవిడ ముద్ద తిని మళ్లీ చెయ్యి చాచింది. బెడ్‌రూమ్ గుమ్మంలోకి వచ్చి చూస్తున్న మగవాళ్లతో, "మీరంతా లివర్ టెస్ట్ ఎప్పుడు చేయించుకున్నారు? ఆ గ్లాసులు కింద పెట్టి చెప్పండి" అంది. వాళ్లు గ్లాసులు వెనక్కి దాచుకున్నారు. ఎవరూ చెయ్యి చాచలేదు. అప్పుడు అంకుల్ ఇంకో ముద్ద చేసి నా వైపు చూశారు. నా పక్కన నా ఫ్రెండ్స్ నిలబడి ఉన్నారు. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

అది నాకెవరూ చెప్పి చేయించలేదు.

వెళ్లేటప్పుడు డాక్టరాంటీ నన్ను మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఆ వైరస్ రక్తంలో ఉంటుందనీ, చాలామందికి పుట్టేటప్పుడే తల్లి నుంచి వస్తుందనీ, కంచం వల్లా ముద్ద వల్లా అంటుకోదనీ చెప్పింది. బాగా పాడయ్యేదాకా లివర్ నొప్పి అని కూడా చెప్పదట. అందుకే ఆయన ఎంత ఆరోగ్యంగా కనిపించినా జీవితాంతం టెస్టులు చేయించుకుంటూ ఉండాలట. "ఆయన సిగ్గుపడి టెస్టులు మానేస్తే ఆ పాపం వైరస్‌ది కాదురా, మనది" అంది.

అలాగే జరిగింది. కొన్నాళ్లకే ఆయన ఎవరికీ చెప్పకుండా కాలిఫోర్నియా వెళ్లిపోయారు. అక్కడా నలుగురికీ తెలిసిపోతుందేమోనని డాక్టరు గుమ్మం తొక్కలేదు. నేను ఉద్యోగానికి అదే కాలిఫోర్నియాలోని సన్నీవేల్ వెళ్లాక ఒక ఇండియన్ షాపులో కనిపించారు. కళ్లు పచ్చబడ్డాయి, పాదాలు వాచాయి. లివర్ గట్టిపడి చెడిపోయిందనీ, సిరోసిస్ అనీ అప్పటికి కొద్ది నెలల ముందే బయటపడింది. జీవితంలో మందు ముట్టని మనిషి! ఆ వైరస్‌ను అదుపులో పెట్టే మాత్రలు వచ్చాక కూడా మాత్ర లేకుండా బతికారు, మా అందరి నోళ్లకు భయపడి.

ఆ వారమే నేను టెస్ట్ చేయించుకుని టీకా వేయించుకున్నాను. మా నాన్నకు ఫోన్ చేసి, ఇన్నేళ్లకైనా టెస్ట్‌కి వెళ్లమని గొడవపడ్డాను. అంకుల్ ఉన్నన్నాళ్లూ ప్రతి అపాయింట్‌మెంట్‌కీ నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. మొన్నీమధ్య కూడా, మా వీధిలో మాస్టర్స్ చదివే కుర్రాళ్లు తమలో ఒకడికి అదే వైరస్ ఉందని వాడి కంచం వేరుగా పెట్టారని తెలిసి, వెళ్లి పోట్లాడి వచ్చాను. ఇంత చదువుకున్నా అదే కాగితం ప్లేటు!

కానీ వీటన్నిటికీ ముందు చేసింది ఒకటుంది. షాపులో కనిపించిన రోజే ఆయన వెంట ఇంటికి వెళ్లి, అన్నం కలపమని అడిగాను.

"ఉప్పు తగ్గించమన్నారోయ్. ఇంట్లో ఆవకాయ లేదు. చప్పటి పప్పే ఉంది."

"పప్పే కలపండి అంకుల్."

కలిపారు. నేను చెయ్యి చాచాను. ఆయన ముద్ద పట్టుకుని, నా అరచేతిని కాసేపు చూసి, "ఈసారి జేబులో లేదేమోయ్?" అని నవ్వి, ముద్ద పెట్టారు. ఉప్పు లేని ఆ ముద్ద తిని, మళ్లీ చాచాను.