ఏడు నిమిషాల ఆట

వారంలో నాకున్నది ఒక్కటే సెలవు, శుక్రవారం. ఆ ఒక్కదాన్నీ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు పట్టుకుపోయారు.

అప్పట్లో మేము దుబాయ్‌లో ఖుసైస్ వైపు ఉండేవాళ్ళం. నేను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌కి స్టోర్ కీపర్‌ని. ఊరికి ఈ కొసన ఇల్లు, ఆ కొసన ఉద్యోగం. ఆరు రోజులు చీకటితో లేచి ఆ రోడ్డు మీద పడేవాణ్ణి. శుక్రవారం మాత్రం ఎండ ముఖం మీద పడేదాకా పడుకుని, తలంటుకుని, మసీదులో జుమా నమాజుకి వెళ్ళొచ్చి, మా ఆవిడ వండిన మాంసం కూర తిని మళ్ళీ పడుకునేవాణ్ణి. నెల్లూరు నుంచి ఇంత దూరం వచ్చి నేను సంపాదించుకున్న సుఖం అంతే. మా అమ్మాయికి తొమ్మిదో ఏడు వచ్చిన సంవత్సరం అదీ పోయింది.

స్కూల్లో ఆటల మాస్టారు ఒకరోజు నన్ను పిలిచి, మీ పిల్ల బాగా పరిగెత్తుతుంది, క్లబ్బులో చేర్పించండి అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చేదాకా ఛాతీ దిగలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

క్లబ్బులో ఆడపిల్లల జట్టుకి కోచ్ సిరియా మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ నవ్వుముఖం. చేర్చుకునే రోజున తల్లిదండ్రులందరినీ నిలబెట్టి, "మా దగ్గర ప్రతి పిల్లా ఆడుతుంది" అని ఇంగ్లిషులో చెప్పాడు. గోడౌన్‌లో సంతకం లేకుండా ఒక అట్టపెట్టె కూడా దింపుకోని నేను, ఆ మాటని మాత్రం మారు అడగకుండా నమ్మేశాను.

మొదటి మ్యాచ్‌లో మా అమ్మాయి బెంచీ మీద కూర్చుంది. రెండో మ్యాచ్‌లోనూ కూర్చుంది. మూడోసారి ఆట ఇంకో నాలుగు నిమిషాల్లో అయిపోతుందనగా లోపలికి పంపించారు. బంతి దాని దగ్గరికి రాకముందే విజిల్ ఊదేశారు. దానికోసం నేను ఐదింటికి లేచి, దారి తప్పి, రెండుసార్లు అదే రౌండెబౌట్ చుట్టూ తిరిగి గ్రౌండుకి చేరాను. గ్రౌండు కూడా ఒకచోట ఉండేది కాదు. ఒక వారం ఏదో స్కూల్లో, ఇంకో వారం అల్ వర్సాన్ దాటాక ఎక్కడో ఇసకలో. బయలుదేరి సగం దూరం వెళ్ళాక ఫోన్‌కి మెసేజ్ వచ్చేది, గ్రౌండు మారింది అని. సీజను మధ్యలో చొక్కాల రంగు మార్చారు. ఎందుకు మార్చారో అడిగితే కొత్తవి బాగున్నాయి కదా అన్నారు.

గీత బయట మడత కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులందరిదీ ఇదే ఏడుపు. మా పిల్ల డిఫెన్సు కాదు, ముందు ఆడాల్సిన పిల్ల అని ఒకరు. కోచ్ ఎవరింట్లో భోంచేస్తాడో వాళ్ళ పిల్లే కెప్టెన్ అని ఇంకొకరు. కోచ్ అటు వస్తే మాత్రం అందరం నవ్వి చెయ్యి ఊపేవాళ్ళం. గట్టిగా అడిగితే రేపు ఆ నాలుగు నిమిషాలు కూడా దక్కవేమోనని భయం. మా బిల్డింగులోనే ఉండే కేరళ నర్సు ఒకావిడ, గోల్‌కీపర్ తల్లి, ఆవిడ ఒక్కతే ఏమీ అనేది కాదు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, ఒక కప్పు నాకిచ్చి, రెండో కప్పు తను తాగుతూ ఆట చూసేది.

నాకు అంత ఓపిక లేదు. కోపం వస్తే రుజువు కావాలనిపించే బుద్ధి నాది. గోడౌన్ గేటు దగ్గర మాకో పుస్తకం ఉంటుంది. ప్రతి లారీ లోపలికి ఎన్నింటికి వచ్చింది, బయటికి ఎన్నింటికి వెళ్ళింది, రాసుకుంటాం. రేపు ఎవరైనా గొడవకి వస్తే పుస్తకం తెరిచి చూపిస్తాం, అంతటితో ఖలాస్. అలాంటిదే ఒక చిన్న నోటుబుక్కు కొన్నాను. మా అమ్మాయి గీత దాటి లోపలికి వెళ్ళగానే చేతి గడియారం చూసి రాసేవాణ్ణి. బయటికి రాగానే మళ్ళీ చూసి రాసేవాణ్ణి. మధ్యలో ఇంకెవరి పిల్లలు ఎంతసేపు ఆడుతున్నారో పక్కన గీసుకునేవాణ్ణి. రెండు సీజన్లు రాశాను. అందులో నాలుగు నిమిషాల శుక్రవారాలున్నాయి, పది నిమిషాల శుక్రవారాలున్నాయి, ఖాళీగా వదిలేసిన శుక్రవారాలే ఎక్కువ.

ఇంటికి తిరిగొచ్చే దారిలో, జుమాకి టైమైపోతోందన్న తొందరలో, కారు నడుపుతూ ఆ పుస్తకంలో సంగతి అంతా చెప్పుకొచ్చేవాణ్ణి. ఇవాళ ఏడే ఏడు నిమిషాలు, ఆ పొడుగు పిల్లకేమో మొత్తం ఆట, వచ్చే వారం ఆ కోచ్ సంగతి చూస్తాను అని. మా అమ్మాయి వెనకసీట్లో బూట్ల తాళ్ళు విప్పుకుంటూ ఉండేది.

"ఏమయ్యా, పిల్లేమన్నా లారీనా, గేటుబుక్కు రాస్తా ఉండావు?" అనేది మా ఆవిడ.

"నీకు తెలీదు, ఊరుకో" అనేవాణ్ణి. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఒకసారి ఆ పుస్తకం కోచ్‌కి చూపించాను కూడా. రెండు పేజీలు తిప్పి, నవ్వి, భుజం తట్టి, బంతుల సంచీ భుజానికి వేసుకుని వెళ్ళిపోయాడు. వాడు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత దేశంలో సెలవులే మారిపోయాయి. గురు, శుక్రవారాలు సెలవులుండే స్కూళ్ళకీ ఆఫీసులకీ శుక్ర, శనివారాలయ్యాయి. మా గోడౌన్ లాంటి చోట్ల మాత్రం ఎప్పటిలాగే శుక్రవారం ఒక్కటే. క్లబ్బు వాళ్ళు శుక్రవారం గ్రౌండు మగపిల్లల జట్లకిచ్చేసి, ఆడపిల్లల ఆటలు శనివారానికి మార్చారు. నేనూ, నాలాంటి ఒంటిసెలవు తండ్రులు ఇంకో ఇద్దరూ వెళ్ళి, మాకు శనివారం డ్యూటీ అని మొరపెట్టుకున్నాం. పిల్లలకి సెలవే కదా అన్నారు. అదీ నిజమే, కానీ ఆ మాటకి నాకు చాలారోజులు మండింది.

నర్సుగారు తన కార్లో మా అమ్మాయిని కూడా తీసుకెళ్తానంది. మా ఆవిడకి డ్రైవింగ్ రాదు. అలా నా శుక్రవారం నాకు తిరిగొచ్చింది. తీరా చూస్తే నిద్ర మాత్రం రాలేదు. ఐదింటికే కళ్ళు తెరుచుకునేవి.

శనివారం పదిన్నరకి గోడౌన్ వెనక్కి వెళ్ళి నర్సుగారికి ఫోన్ చేసేవాణ్ణి. అమ్మాయికి ఇమ్మనేవాణ్ణి.

"ఎంతసేపు ఆడినావు?"

"తెలీదు నాయనా. చానాసేపు ఆడినా."

"చానాసేపంటే?"

"చానాసేపు."

అప్పుడు నర్సుగారు ఫోన్ తీసుకుని హిందీలో చెప్పేది, ఇవాళ సగం ఆట ఆడింది భాయీ అని. రెండు వారాలకి, మొత్తం ఆట ఆడింది భాయీ అని. నెల తిరిగేసరికి మొదట దిగే పిల్లల్లో మా అమ్మాయి ఉందని తెలిసింది. నాకు సంతోషం పట్టలేదు. నా పుస్తకం చూసి కోచ్ దారికొచ్చాడని మా ఆవిడతో చెప్పాను కూడా. ఆమె తలెత్తకుండా బియ్యం ఏరుకుంటూ ఉంది.

దాని ఆట కళ్ళారా చూడాలని ఒకటే పట్టుకుంది నాకు. రెండేళ్ళు కాపలా కాశాను, ఇప్పుడు పంట చేతికొచ్చేసరికి నేను లేను. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు మనిషి, ఊరికే సెలవు ఇచ్చే రకం కాదు. శనివారం పొద్దున పన్ను పీకించుకోవాలని అబద్ధం చెప్పాను. "యల్లా, వెళ్ళు, మధ్యాహ్నానికి రా" అన్నాడు. మధ్యాహ్నం బుగ్గ పట్టుకుని డ్యూటీకి వెళ్ళాలని గుర్తు కూడా పెట్టుకున్నాను. అమ్మాయికి చెప్పలేదు, డ్యూటీకి పోతున్నట్టే చీకటితో బయటపడి వీధి చివర ఆగాను. అది నర్సుగారి కార్లో వెళ్ళిపోయాక, నేనూ మా ఆవిడా వెనకాల బయలుదేరాం.

మేము వెళ్ళేసరికి ఆట ఇంకా మొదలు కాలేదు. పిల్లలు గ్రౌండు మధ్యలో గుండ్రంగా నిలబడి బంతి తన్నుకుంటున్నారు. మా అమ్మాయి వాళ్ళలో ఉంది. దేనికో పగలబడి నవ్వుతోంది. ఇంట్లో కూడా అంత నవ్వగా నేను చూడలేదు. నేను చెయ్యి ఊపాను. అది నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. కాసేపు అలాగే నిలబడి, కోచ్ దగ్గరికి నడిచి, చొక్కా పట్టి లాగి ఏదో చెప్పింది. కోచ్ వంగి విన్నాడు. ఇంకో పిల్లని పిలిచి దాని చోట నిలబెట్టాడు. మా అమ్మాయి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

నేను గడియారం చూశాను. తొమ్మిదీ ఐదు.

గీత దాటి లోపలికి వెళ్ళకూడదని బోర్డుంది. దాటాను. రెండేళ్ళ కోపం ఒక్కసారిగా వచ్చింది. నేను వచ్చిన రోజునే నా పిల్లని కూర్చోబెడతావా అని నా వచ్చీరాని ఇంగ్లిషులో, హిందీలో, చివరికి తెలుగులో అరిచాను. కుర్చీల్లో వాళ్ళంతా ఇటే చూస్తున్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగుతోంది.

కోచ్ ఆ రోజు నవ్వలేదు. "నేను కూర్చోబెట్టలేదు. ఆమే అడిగింది. మా నాన్న వచ్చాడు, ఇవాళ నేను ఆడను అంది" అన్నాడు.

"ఎందుకు?"

"అది మీరు ఆమెనే అడగాలి."

బెంచీ దగ్గరికి వెళ్ళి దాని ముందు గొంతుక్కూర్చున్నాను. ఎండకి దాని చెంపలు కందిపోయి ఉన్నాయి. ఎందుకమ్మా అన్నాను. గడ్డి వైపు చూస్తూ చెప్పింది.

"నువ్వు గడియారం చూస్తా ఉంటావు నాయనా. నేను లోపలికి పోయినప్పుడు చూస్తావు, బయటికొచ్చినప్పుడు చూస్తావు. మధ్యలో రాసుకుంటా ఉంటావు. నాకు కాళ్ళు ఆడవు."

"నీ కోసమే గదమ్మా రాసేది."

"ఆ పొద్దు గోల్ ఏసిన పిల్లకి బాల్ ఇచ్చింది నేనే. ముగ్గుర్ని తప్పించుకోని ఇచ్చినా. చూసినావా అని నీ పక్క తిరిగి చూసినా. నువ్వు రాస్తా ఉండావు."

"ఏ పొద్దు?"

"ఏడు నిమిషాలే, ఏడు నిమిషాలే అంటా ఇల్లు చేరేదాకా అరిచినావే, ఆ పొద్దు."

దాని తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టొచ్చో లేదో తెలియక వెనక్కి తీసుకున్నాను.

"నేను కార్లో కూర్చుంటా. మీ అమ్మ ఉంటాది. నువ్వు ఆడు" అన్నాను.

కారు గ్రౌండు ప్రహరీగోడ వెనకాల ఉంది. అక్కణ్ణించి గ్రౌండు కనపడదు. ఏసీ వేసుకుని కూర్చున్నాను, మళ్ళీ ఆపేసి అద్దం దించాను. విజిల్ వినిపించింది. పిల్లల కేకలు వినిపించాయి. అందులో మా అమ్మాయి గొంతు ఉందో లేదో పోల్చుకోలేకపోయాను. డ్యాష్‌బోర్డులో ఉన్న నోటుబుక్కు తీసి ఆ రోజు కోసం వెతికాను. దొరికింది. లోపలికి తొమ్మిదీ నలభై ఒకటి, బయటికి తొమ్మిదీ నలభై ఎనిమిది. పక్కన ఆ పొడుగు పిల్ల లెక్క కూడా రాసి ఉంది. ఆ ఏడు నిమిషాల్లో మా అమ్మాయి ఏం చేసిందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. గోల్ పడినట్టు గుర్తుంది, చప్పట్లు గుర్తున్నాయి. దాని ముఖం గుర్తు లేదు. రెండేళ్ళ శుక్రవారాలన్నీ వెతికాను, ఒక్క దానిలోనూ లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. పన్ను నొప్పి అని అబద్ధం చెప్పొచ్చాను, ఇప్పుడు దవడంతా నిజంగానే లాగుతోంది.

ఆట అయ్యాక మా ఆవిడ ముందు వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎట్టా ఆడింది?" అన్నాను. ఆ ప్రశ్న నేను అడగడం అదే మొదలు.

"నాకేం తెలుసు ఆట. విరామం దాటినాక దిగింది. ఎగిరెగిరి ఆడింది. రెండుసార్లు పడింది, లేసింది."

అమ్మాయి వచ్చి వెనకసీట్లో కూర్చుంది. మోకాలు గీరుకుపోయి ఉంది. చేతిలో నర్సుగారిచ్చిన నారింజ ముక్కలున్నాయి. గెలిచారా అని నేను అడగలేదు. ఆకలవుతా ఉందా అన్నాను. లేదంది. కారు తీశాను. పెద్దరోడ్డు మీద మెట్రో కోసం తవ్వుతూ దారి మళ్ళించారు, బండ్లు బారులు తీరి ఉన్నాయి.

సగం దూరం వచ్చాక వెనకనుంచి మొదలుపెట్టింది, వాళ్ళమ్మతో. "అమా, ఆ నీలం చొక్కా పిల్ల నన్ను తోసింది చూసినావా? దాని తరవాత నేను ఏం చేసినానో చూసినావా?" అని. మా ఆవిడ వెనక్కి తిరిగి ఊ కొడుతోంది. మా అమ్మాయి నారింజ ముక్కలు సీటు మీద పెట్టి, ఇది నేను, ఇది ఆ పిల్ల అని చూపిస్తోంది. మా కార్లో అది ఆట గురించి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ నేనే మాట్లాడాను.

చూడకుండా ఉండలేక పైన అద్దంలో చూశాను. నా కళ్ళు దానికి కనపడ్డాయి. మాట ఆపేసింది.

నేను కళ్ళు తిప్పి రోడ్డు మీద పెట్టుకున్నాను. ముందున్న బస్సు వెనక రాసిన నంబరు చదువుకుంటూ కూర్చున్నాను. బస్సు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. అప్పుడు వెనకసీట్లోంచి, కాస్త మెల్లగా, "ఆ తరవాత ఏం జరిగిందంటే అమా" అని వినపడింది.