అద్దంకి రోడ్డు అడుగున

మరియదాసు ముప్పై ఒక్క ఏళ్ళుగా రోడ్డు గ్యాంగులో పనిచేస్తున్నాడు. అద్దంకి దగ్గర పద్దెనిమిది కిలోమీటర్ల రోడ్డు అతని గ్యాంగుది. తారు కాచడం, కంకర కలపడం, గుంత కనపడ్డ చోటల్లా పూడ్చి దిమ్మిసతో కొట్టడం పని. అంత రోడ్డులోనూ ఒక్క చోటు మాత్రం అతనికి లొంగలేదు. పత్తి మిల్లు దాటాక నలభై మీటర్ల మేర, ఎన్నిసార్లు బాగుచేసినా, మిర్చి లారీలు మొదలైన నెలకల్లా చక్రాలు నడిచే చోట గాడి పడిపోయేది.

ఆ నలభై మీటర్ల కోసమే హేమశ్రీ వచ్చింది. బ్రాడీపేట అమ్మాయి, గుంటూరులో రోడ్ల మీద పరిశోధన చేస్తోంది. నవంబరులో అనుమతి తెచ్చుకుని, రోడ్డు కోయించి, తారు పొర అడుగున అగ్గిపుల్లలంత సెన్సర్లు పెట్టించింది. కోసిన చోటు పూడ్చింది మరియదాసే.

"ఇయ్యేం చేస్తయ్ మేడం?" అని అడిగాడు.

"లారీ వెళ్ళినప్పుడు రోడ్డు ఎంత సాగిందో చెబుతాయండి."

మరియదాసు నవ్వేశాడు. తన చేతుల్తో కొట్టి కొట్టి గట్టిపరిచిన రోడ్డు సాగడమేమిటి?

ఫిబ్రవరిలో మిర్చి బస్తాలతో లారీలు గుంటూరు యార్డుకు వరసకట్టాయి. ఓ రోజు మధ్యాహ్నం హేమశ్రీ జీపు నీడన లాప్‌టాప్ పెట్టుకుని అతన్ని పిలిచింది. తెర మీద రోడ్డును నిలువునా కోసినట్టు ఒక బొమ్మ ఉంది. పైన తారు, దాని కింద కంకర, ఆ కింద మట్టి. ఎడమవైపు నుంచి లారీ చక్రం కదిలింది. అది వస్తుంటే దాని కింద పొరలన్నీ పరుపులా కుంగాయి, దాటిపోగానే మెల్లగా పైకి లేచాయి.

"ఇది నిజంగా జరిగేదేనా అమ్మా?"

"నిజమేనండి. కంటికి కనపడాలని పెద్దది చేసి చూపిస్తున్నాను. అసలు వంపు మీ గోరు మందం. ప్రతి లారీకీ వంగి లేస్తుంది. లేచిన ప్రతిసారీ రవ్వంత కుంగు మిగిలిపోతుంది. ఎండ మండుతున్నా, లారీ నెమ్మదిగా పోతున్నా ఇంకాస్త ఎక్కువ మిగులుతుంది. అదంతా పోగై గాడి అవుతుంది."

మరియదాసు తలెత్తి రోడ్డు వైపు చూశాడు. అప్పుడే ఓ లారీ దాటింది. రోడ్డు ఎప్పటిలాగే నల్లగా, కదలకుండా ఉంది.

"ఇన్నేళ్ళూ మా కాళ్ళ కిందే జరుగుతా ఉందా ఇదంతా!" అన్నాడు.

హేమశ్రీ మొహంలో మాత్రం సంతోషం లేదు. "నా కంప్యూటర్ లెక్క ప్రకారం ఈ ముక్క పదేళ్ళు ఉండాలి. సెన్సర్లేమో ఇక్కడ దానికి మూడింతలు సాగుతోందంటున్నాయి. ఎక్కడ తప్పిందో అర్థం కావట్లేదు. రికార్డుల్లో కింద ఎర్ర గ్రావెల్ అని రాసుంది."



"గ్రావెల్ కాదమ్మా," అన్నాడు మరియదాసు. "నేను పన్లో చేరిన నాలుగో ఏడు తుపానుకి ఇక్కడ రోడ్డు కొట్టుకుపోయింది. నాల్రోజులు బస్సుల్లేవు. గ్రావెల్ లారీలు రాలేకపోతే కాంట్రాక్టరు పక్క చేలో నల్లరేగడి తవ్వించి నింపించాడు. నేనూ తట్టలతో మోశా. ఎవరూ అడగలా, నేనూ చెప్పలా."

హేమశ్రీ లేచి నిలబడింది. "ఎంత లోతు నుంచి? ఎక్కణ్ణించి ఎక్కడిదాకా?"

అతను నడుం మీద చెయ్యి పెట్టి లోతు చూపించాడు. రోడ్డు మార్జిన్ వెంట నడిచి, ఈ చివర ఒక రాయి, ఆ చివర ఒక రాయి పెట్టి వచ్చాడు.

ఆమె బొమ్మలో గ్రావెల్ బదులు నల్లరేగడి పెట్టి మళ్ళీ లెక్క నడిపించింది. చాలాసేపు పట్టింది. మరియదాసు ఎండలో అలాగే నిలబడ్డాడు. చివరికి తెర మీద కింది మట్టి తడిసిన గుడ్డలా జారి, పైన తారు అడుగంతా ఎక్కువ సాగుతున్నట్టు ఎర్రబడింది. పక్కనే సెన్సర్లు గీసిన గీత, కంప్యూటర్ గీసిన గీత ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. హేమశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరియదాసు చేతుల మీద రోమాలు లేచాయి. పాతికేళ్ళు దాటింది ఆ మట్టి పోసి. ఒక్క పార కూడా దించకుండా, అతని మాట నిజమేనని ఆ పెట్టె తేల్చేసింది.

మరుసటి వారం రోడ్ల శాఖ ఇంజనీరు అక్కడ గొయ్యి తీయించాడు. నడుంలోతున నల్లమట్టి తగిలింది. తడిగా, పారకు అంటుకుని రానంటోంది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు ఇంజనీరు.

"ఈయన చెప్పారు సార్," అంది హేమశ్రీ, మరియదాసును చూపిస్తూ.

మే నెలలో నలభై మీటర్లూ తవ్వి గ్రావెల్ వేశారు. మరియదాసు గోతిలో దిగి, మిగిలిన నల్లబెడ్డలు చేత్తో ఏరి బయట పారేశాడు. కొత్త తారు కింద మళ్ళీ సెన్సర్లు పెట్టారు. ఆ తర్వాతి మిర్చి సీజనులో లెక్క చూస్తే సాగుడు మూడో వంతుకు తగ్గింది. గాడి పడలేదు.

"ఇప్పుడు కూడా వంగుతుందా?" అని అడిగాడు.

"వంగుతుందండి. ప్రతి రోడ్డూ వంగుతుంది. పూర్తిగా లేవడమే కావాలి."

ఇప్పుడు హేమశ్రీ వేరే రోడ్ల బొమ్మలు మొదలుపెట్టింది. సెలవు రోజుల్లో మరియదాసును వెంటబెట్టుకుని పాత గ్యాంగు మనుషుల్ని వెతుకుతోంది. పోయిన ఆదివారం రిటైరైన బుల్లయ్య ఒక కల్వర్టు దగ్గర చేతికర్రతో చూపిస్తూ, "ఇక్కడ కాలవ ఉండేదమ్మా, పూడ్చి రోడ్డేశాం," అన్నాడు. ఆమె రాసుకుంటోంది. మరియదాసు మార్జిన్‌లో గొంతుక్కూర్చుని, తల వంచి, కళ్ళు రోడ్డుకు సమంగా పెట్టి పత్తి లారీ కేసి చూస్తున్నాడు. లారీ దాటింది. వంపేమీ కనిపించలేదు. దూరంగా ఇంకోటి వస్తుంటే, లేవకుండా అలాగే కూర్చున్నాడు.