అపోండి రాసిన షరతు

కిసుములో మా చర్చి ఆడవాళ్ల సంఘానికి కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసిచ్చింది అపోండి. ఒంటరి మనిషి. ఎవరైనా ఆదివారం ఆరాధనకు రాక, మా ఫోన్ కూడా ఎత్తకపోతే వాళ్ల పేరు మాకొస్తుంది. గంజి పట్టుకుని వెళ్లి చూసొస్తాం.

"ఆ రెంటి మధ్య 'అండ్' తీసి 'ఆర్' పెట్టవే, ఏ ఒక్కటైనా చాలు," అన్నాను.

"పెడితే ఊరంతా తిరగాలి పిన్నీ. నీ మోకాళ్లు ఒప్పుకుంటాయా?" అని నవ్వింది.

తర్వాత మలేరియాతో తనే మంచం పట్టింది. ఆరాధనకు రాలేదు. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తి, బాగానే ఉన్నానంది. ఎవరమూ వెళ్లలేదు.

కోలుకున్నాక కోప్పడ్డాను. "ఎత్తకపోతే వచ్చేవాళ్లంగా, పిచ్చిమొహమా! రాసింది నువ్వేగా?"

"తెలుసు పిన్నీ. కానీ వారమంతా నన్ను పేరు పెట్టి పిలిచింది ఆ ఫోనొక్కటే. మోగుతుంటే ఎత్తకుండా ఎలా ఉండను?"